చెన్నై ఎండల్లో ఆటోమేటిక్ కారు గేర్‌బాక్సుకు విడిగా కూలర్ పెట్టించాను: నా అనుభవం

ఆటోమేటిక్ కారులో ఎడమకాలికి పని ఉండదు. క్లచ్ తొక్కుతూ వదులుతూ ఆ కాలు చేసే పనంతా గేర్‌బాక్సులోని నూనె తన మీద వేసుకుంటుంది. ఇంజిన్ వేడి చూపించడానికి డాష్‌బోర్డు మీద ముల్లో, దీపమో ఉంటుంది. ఈ నూనె ఎంత వేడెక్కుతోందో చూపించేది మాత్రం చాలా కార్లలో ఏదీ ఉండదు. చెన్నైలో మే నెలలో గంటసేపు ట్రాఫిక్‌లో పాకే బండిలో ఆ వేడి ఎంతవరకు పోతుందో నా కళ్లతో చూశాక, ఆ నూనెను చల్లబరిచే కూలర్ విడిగా పెట్టించడం వృథా ఖర్చని నాతో ఎవరు అన్నా ఒప్పుకోలేకపోతున్నాను.

మాది తిరువాన్మియూర్. ఆఫీసు షోళింగనల్లూరులో. మధ్యలో ఉన్నది ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు. మెట్రో రెండో దశ పనులు మొదలయ్యాక ఆ రోడ్డు ఎంత ఇరుకైందో అక్కడ రోజూ తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బండి ఆరు గేర్ల డీజిల్ ఆటోమేటిక్, లక్ష కిలోమీటర్లకు దగ్గరపడింది, వారంటీ ఎప్పుడో ముగిసింది. ఉదయం వెన్నలా నడిచే బండి, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేచోట చిన్న కుదుపు ఇవ్వడం మొదలుపెట్టింది. రాత్రంతా నిలబెట్టి తెల్లవారి తీస్తే ఆ కుదుపు ఉండదు. అప్పుడే నాకు వేడి మీద అనుమానం వచ్చింది.

బండి కంప్యూటరు లెక్కలు చదవడానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో బ్లూటూత్ రీడరు గుచ్చి, ఫోనులో యాప్ పెట్టి, గేర్‌బాక్సు నూనె ఉష్ణోగ్రత చూడడం మొదలుపెట్టాను. ఇది అన్ని బండ్లలోనూ నేరుగా కనిపించదు. కంపెనీని బట్టి కోడు మారుతుంది కాబట్టి మన మోడలుకు సరిపోయే కోడును యాప్‌లో ఎంచుకోవాలి. పొద్దున బయలుదేరేటప్పుడు 32 డిగ్రీలు. ఖాళీ రోడ్డు మీద 80 దాటి 86 దగ్గర నిలబడేది. సాయంత్రం ట్రాఫిక్‌లో 100 దాటి, 108, 110, ఒక్కోసారి 112. ఆ కుదుపు వచ్చేది కూడా 105 దాటిన తర్వాతే.

ఖాళీ రోడ్డు మీద చల్లగా ఉండి, నత్తనడకలో వేడెక్కడమేమిటని మొదట చాలామందికి అనిపిస్తుంది. కారణం టార్క్ కన్వర్టర్‌లో ఉంది. ఇంజిన్ తిప్పే ఇంపెల్లర్ నూనెను విసురుతుంది, ఆ నూనె తాకిడికి గేర్‌బాక్సు వైపున్న టర్బైన్ తిరుగుతుంది. రెండింటి వేగాల మధ్య తేడా ఎంత ఉంటే అంత శక్తి నూనెలో వేడిగా మారుతుంది. బండి వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ పడి రెండూ కలిసి తిరుగుతాయి, అప్పుడు జారుడు లేదు, వేడీ లేదు. సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో పెట్టి బ్రేకు తొక్కి నిలబడితే, టర్బైన్ ఆగిపోయి ఉంటుంది, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద తక్కువ గేర్లలో బరువు లాగుతూ ఎక్కేటప్పుడు కూడా లాకప్ సరిగా పడదు. అంటే ఈ నూనెకు కష్టమంతా ట్రాఫిక్‌లోనూ కొండ మీదా ఉంటుంది.

ఏటీఎఫ్ అని పిలిచే ఈ నూనెకు 80 నుంచి 95 డిగ్రీల మధ్య హాయి. అక్కడి నుంచి ప్రతి పది పదకొండు డిగ్రీలు పెరిగేకొద్దీ దాని ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న మోటు లెక్క. 120 దాటాక నూనెలో కలిపిన మందులు పాడవుతాయి, సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ పలకల మీద జిగురులాంటి పొర పేరుకుంటుంది. కంపెనీ ఇచ్చిన కూలర్ నా బండిలో రేడియేటర్ కింది ట్యాంకులోనే ఇమిడి ఉంది. ట్యాంకు నీరే వేడిగా ఉన్నప్పుడు అది నూనెను అంతకంటే చల్లబరచలేదు. ట్రాఫిక్‌లో జరుగుతున్నది అదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ రాస్తున్నదంతా టార్క్ కన్వర్టర్ ఉన్న బండ్లకే. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సుకే మోటారు తగిలించినది, దానికి ఈ కూలర్‌తో పని లేదు. పొడి క్లచ్ ఉన్న డీసీటీలో (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే రకం) వేడెక్కేది క్లచ్ పలక, దానికీ ఇది మందు కాదు. సీవీటీకి (మెట్లు మెట్లుగా గేర్లు లేని రకం) కూలర్ పెడతారు గానీ దాని నూనె వేరు, లెక్కలు వేరు. వారంటీలో ఉన్న బండి జోలికి అసలు వెళ్లకండి.

వేళచ్చేరి దగ్గర షెడ్డు నడిపే మెకానిక్ ఒకాయన నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆటోమేటిక్ బాక్సులు విప్పి బిగించడంలో చేయి తిరిగిన మనిషి. ఫోనులో రాసిపెట్టుకున్న ఉష్ణోగ్రతలు చూపించి, "అన్నా, కూలర్ పెట్టేద్దామా?" అన్నాను.

"పెడదాం సార్, తొందరేముంది? ముందు నూనె దించి చూద్దాం. లోపల క్లచ్‌లు కాలిపోయి ఉంటే ఎంత పెద్ద కూలర్ కట్టినా డబ్బు దండగ," అన్నాడు.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అడిగిన వెంటనే బిగించేవాళ్లు దొరుకుతారు, ముందు చూద్దామనేవాళ్లు తక్కువ. బండి లిఫ్టు ఎక్కించి నూనె పళ్లెంలోకి దించాడు. కొత్త ఏటీఎఫ్ దానిమ్మ రసం రంగులో ఉంటుంది. మా బండిలోది ముదురు డికాక్షన్ రంగుకు తిరిగింది. వేలికి రాసుకుని వాసన చూశాడు, నాకూ చూపించాడు. మాడు వాసన లేదు. తర్వాత అడుగు పళ్లెం విప్పితే, దాని లోపల అతికించిన గుండ్రటి అయస్కాంతాల మీద బూడిదరంగు ముద్ద సన్నగా పేరుకుని ఉంది. రెండు వేళ్ల మధ్య నలిపితే కాటుకలా మెత్తగా జారింది. అలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. గరగరలాడే రవ్వలు, చిన్న లోహపు ముక్కలు తగిలితే బాక్సు లోపల ఏదో విరుగుతోందని అర్థం. గులాబి రంగు పాలలా ఉందేమోనని కూడా చూశాడు. అలా ఉంటే నూనెలో నీరు కలిసినట్టు. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడితే కూలెంట్ కలుస్తుంది. చెన్నైలో ఇంకో దారి కూడా ఉంది. 2015, 2023 డిసెంబరుల్లో వచ్చిన లాంటి వరదల్లో బండి మునిగితే గేర్‌బాక్సుకు గాలి ఆడడానికి ఉండే బ్రీదర్ గొట్టం గుండా నీరు లోపలికి దిగుతుంది. అలాంటి బండికి కూలర్ కంటే ముందు గేర్‌బాక్సు వైద్యం అవసరం.

నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని షోరూముల్లో చెప్పే మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్నో పెద్ద కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారు చేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ సంస్థే తన బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు నూనె మార్చమంటోంది. తయారు చేసినవాళ్లే మార్చమంటుంటే, అమ్మేవాళ్లు అక్కర్లేదనడం నాకు కోపం తెప్పిస్తుంది. గేర్‌బాక్సు అడుగు పళ్లెంలో నుంచి దిగేది మొత్తం నూనెలో సగం కూడా ఉండదు. మిగతాది కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అందుకని కొంతసేపు ఇంజిన్ తిప్పి, మళ్లీ దించి, మళ్లీ పోసి, రంగు తేటపడేదాకా మార్చాం. ఫిల్టరూ కొత్తది వేశాం. దీంతోనే కుదుపు చాలావరకు తగ్గింది. ఉష్ణోగ్రత మాత్రం తగ్గలేదు, సాయంత్రాలు 110 అలాగే ఉంది.

ఇక కొనుగోలు. చెన్నైలో స్పేర్ పార్ట్స్ అంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాతవాటికి పుదుపేట. పుదుపేటలో పాత కూలర్లు చవకగా దొరుకుతాయి. దయచేసి కొనకండి. అది ఏ బండి నుంచి వచ్చిందో, ఆ బండి గేర్‌బాక్సు ఎలా చచ్చిందో మనకు తెలియదు. పగిలిన బాక్సులోని లోహపు పొడి కూలర్ సందుల్లో ఇరుక్కుని ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. అది నేరుగా మన బాక్సులోకి దిగుతుంది.

కొత్త కూలర్లలో మూడు రకాలు కనిపించాయి. వంకర్లు తిరిగిన ఒకే గొట్టానికి రేకులు తొడిగినది మొదటిది, చవక. పలకల మధ్య నుంచి నూనె వెళ్లేవి మిగతా రెండు. వాటిలో పలకల దొంతరగా ఉండే రకం అదే కొలతకు ఎక్కువ వేడి లాగుతుంది. నేను దొంతర రకమే తీసుకున్నాను, పొడవు పదకొండు అంగుళాల లోపు. ఇంకా పెద్దది పెడితే ఇంకా మంచిదని దుకాణంలో చెప్పారు గానీ నేను వినలేదు. ఈ కూలర్ ఏసీ కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే జాలీ) ముందు కూర్చుంటుంది, దాన్ని దాటిన వేడిగాలి కండెన్సర్ మీదికే పోతుంది. చెన్నైలో ఏసీ బలహీనపడితే ఇంట్లోవాళ్లు కారెక్కరు. పైగా నూనె మరీ చల్లగా ఉన్నా లాకప్ సమయానికి పడదు.

అసలు పట్టుబట్టాల్సింది గొట్టం దగ్గర. కూలర్ మంచిదే దొరికింది, దానికి సరిపోయే గొట్టం అడిగితే పెట్రోలు గొట్టం చేతిలో పెట్టారు. "అదీ రబ్బరే కదా సార్!" అన్నారు. కాదు. వేడి ఏటీఎఫ్‌ను ఏళ్ల తరబడి తట్టుకునే గొట్టం వేరుగా ఉంటుంది, దాని మీద ఎస్ఏఈ జే1532 అని అచ్చు వేసి ఉంటుంది. మామూలు గొట్టం కొన్నాళ్లు బాగానే పనిచేసి, లోపల మెత్తబడి, ఒకరోజు నడిరోడ్డు మీద ఊడిపోతుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పంపు ఆ గొట్టం గుండా నూనెను తోస్తూనే ఉంటుంది కాబట్టి నిమిషాల్లో బాక్సు ఖాళీ అవుతుంది. కూలర్ పెట్టించుకుని గేర్‌బాక్సు పోగొట్టుకున్నవాళ్ల కథలు ఎక్కువగా ఇలాంటివే. నాలుగైదు దుకాణాలు తిరిగాక ఆ అచ్చు ఉన్న గొట్టం మీటరు లెక్కన దొరికింది. క్లాంపులు కూడా అంచులు మడిచి ఉన్నవి, చుట్టూ సమంగా బిగిసేవి తీసుకున్నాను. సందులు కోసిన పట్టీ ఉండే మామూలు క్లాంపులు బిగిస్తుంటే రబ్బరును కోసేస్తాయి.

బిగించే రోజు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాం. ముందు బంపర్ ఊడదీశాడు. కూలర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ పట్టీలను కండెన్సర్ రేకుల మధ్య నుంచి గుచ్చి బిగించడం తేలికైన దారి, చాలాచోట్ల చేసేదీ అదే. బండి అదిరినప్పుడల్లా కూలర్ కండెన్సర్‌ను రాస్తూ రాస్తూ చివరికి దానికి చిల్లు పెడుతుంది. మా మెకానిక్ ఆ పట్టీల పొట్లం విప్పను కూడా విప్పలేదు. రేడియేటర్ పైకమ్మీకి, కిందికమ్మీకి మధ్య రెండు సన్నటి పట్టీలు వంచి, వాటి మీద కూలర్ నిలబెట్టాడు. కండెన్సర్‌కూ దానికీ మధ్య వేలు దూరేంత సందు వదిలాడు. గొట్టాలు తగిలే మూతులు పైకి ఉండేలా పెట్టాడు, కిందికి ఉంటే లోపల గాలి నిలిచిపోతుందని. మేము సముద్రానికి దగ్గరగా ఉంటాం, ఇనుప మేకు గోడకు కొడితే ఏడాదిలో తుప్పు కారుతుంది. అందుకని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడి, అల్యూమినియం కూలర్‌కు నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు వాషర్లు వేయించాను.

తర్వాతి పని, రేడియేటర్‌కు వెళ్లే రెండు గొట్టాల్లో ఏది పోయేది, ఏది తిరిగొచ్చేది అని తేల్చడం. కొత్త కూలర్ తిరిగొచ్చే దారిలో ఉండాలి. బాక్సు నుంచి వచ్చిన నూనె ముందు రేడియేటర్‌లో, తర్వాత కొత్త కూలర్‌లో చల్లబడి బాక్సుకు చేరుతుంది. గడ్డకట్టే చలి ఉండే దేశాల్లో ఇంకోలా ఆలోచిస్తారు, నూనె మరీ చల్లబడకుండా థర్మోస్టాట్ కూడా పెడతారు. 20 డిగ్రీలకు దిగితేనే చలి అనుకునే చెన్నైలో దాని అవసరం నాకు కనిపించలేదు. రేడియేటర్‌ను తప్పించి నేరుగా కొత్త కూలర్‌కే కలపమని కొందరు చెబుతారు. పొద్దున నూనె త్వరగా వెచ్చబడడానికి రేడియేటర్ పనికొస్తుంది కాబట్టి నేను దాన్ని ఉంచేశాను.

ఊహించి కలపకుండా, తిరిగొచ్చేదనుకున్న గొట్టం ఊడదీసి దాని కొస ఖాళీ నీళ్ల సీసాలో పెట్టాడు. నన్ను స్టార్ట్ చేయమన్నాడు. రేడియేటర్ వైపు కొస నుంచి ఎర్రటి నూనె సీసాలోకి ఒకే ధారగా దూకింది. "చాలు, ఆపండి సార్!" అనేలోపు సీసా సగం నిండింది. దారి తేలింది, పంపు బలంగా తోస్తోందనీ తెలిసింది. ధార సన్నగా, బుడగలతో, ఆగి ఆగి వచ్చి ఉంటే కూలర్ పని అక్కడే ఆపి అడ్డు ఎక్కడుందో వెతకాల్సి వచ్చేది.

ఇనుప గొట్టాన్ని కోసి రబ్బరు గొట్టం తొడగాల్సిన చోట ఒక పని తప్పనిసరి. కోసిన కొస నున్నగా ఉంటే, ఎంత బిగించినా ఒత్తిడికి రబ్బరు జారిపోతుంది. పనిముట్టుతో కొసకు కొంచెం ఇవతల చుట్టూ చిన్న గట్టులా ఉబ్బించి, రబ్బరును ఆ గట్టు దాటించి, దాని వెనుక క్లాంపు బిగించాలి. ఈ పనికి మెకానిక్ అరగంటకు పైగా తీసుకున్నాడు. కోసినప్పుడు రాలిన ఇనుప రజను లోపల మిగలకుండా గాలి కొట్టి, గుడ్డ దూర్చి తుడిచాడు. గొట్టాలు ఎక్కడా పదునైన అంచుకు తగలకుండా, ఫ్యానుకూ ఎగ్జాస్టుకూ దూరంగా తిప్పి, రాసుకునే అవకాశమున్న చోట ఇంకో రబ్బరు తొడుగు వేశాడు.

నూనె మట్టం చూడడం ఈ పనిలో అన్నిటికంటే సున్నితమైనది. కూలరూ కొత్త గొట్టాలూ కలిసి సుమారు అర లీటరు అదనంగా తాగుతాయి. నా బండికి డిప్‌స్టిక్ లేదు. బండి అన్నివైపులా సమానంగా నిలబడి, ఇంజిన్ తిరుగుతూ, నూనె 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కింది బిరడా విప్పాలి. చెన్నై మేలో నీడలోనే 38 ఉంటే, నడిచి వచ్చిన బండి సాయంత్రానికి 45 కిందికి దిగదు. అందుకని బండిని రాత్రి షెడ్డులోనే వదిలి, తెల్లవారి ఆరింటికి మళ్లీ కలిశాం. గేరును పార్క్ నుంచి డ్రైవ్ దాకా ఒక్కో స్థానంలో కొన్ని సెకన్లు ఆపుతూ నేను తిప్పాను, స్కానర్ చూస్తూ 40 దగ్గర ఆయన బిరడా తీశాడు. ఏమీ రాలేదు, అంటే తక్కువుంది. పంపుతో పోస్తూ పోతే ధారగా కారింది. పోయడం ఆపాం. ధార సన్నబడి, దారంలా మారి, చుక్కలుగా తెగిన క్షణాన బిరడా బిగించాడు. నూనె తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే గేర్లు చిలికి నురగ లేపుతాయి. అందాజా పనికిరాని చోటు ఇది.

ఫలితం చెబుతాను. అదే ఓఎంఆర్ మీద, అదే మే సాయంత్రాల్లో ఇప్పుడు 90 నుంచి 94 మధ్య ఆగుతోంది. బండి కదలకపోతే గాలి ఎక్కడిదని సందేహం రావచ్చు. ఏసీ వేసి ఉన్నప్పుడు రేడియేటర్ ఫ్యాను తిరుగుతూ ముందు నుంచి గాలి లాగుతుంది, చెన్నైలో ఏసీ ఆపేదెవరు? పెద్ద సిగ్నళ్ల దగ్గర, ముఖ్యంగా మధ్యకైలాస్ దగ్గర, న్యూట్రల్‌లో పెడితే ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గడం గమనించాను. హైవే మీద 78 దగ్గర నిలుస్తోంది.

అసలు పరీక్ష తిరుమల ఘాట్. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా వెళ్లే దారి మాకు అలవాటే. కూలర్ లేనప్పుడు అలిపిరి దాటి ఎక్కుతుంటే అమ్మానాన్నలు, పిల్లలు, సామానుతో నిండిన బండిలో 118 చూశాను. ఇప్పుడు అదే బరువుతో ఎక్కితే 99 దాటలేదు. కొండ మీద మలుపుల్లో గేర్లు మారే తీరులోనే తేడా చేతికి తెలిసింది. ఏసీ విషయానికొస్తే, మిట్టమధ్యాహ్నం బండి నిలబెట్టి గాలి చల్లదనం కొలిస్తే ముందుకంటే ఒక్క డిగ్రీ వెచ్చగా వస్తోంది. ఆ మాత్రం నాకు సమ్మతమే.

కూలర్‌కు తొమ్మిది వేలు, గొట్టం, క్లాంపులు, పట్టీలు కలిపి రెండున్నర వేలు, కూలీ నాలుగు వేలు అయ్యాయి. నూనె, ఫిల్టరు ఖర్చు వేరు, అది కూలర్ లేకున్నా పెట్టాల్సిందే. గేర్‌బాక్సు విప్పి బాగుచేయడానికి లక్షల్లో అడుగుతారు కాబట్టి నాకు ఇది భారంగా అనిపించలేదు.

బిగించాక మొదటి వారం రోజూ రాత్రి బండి ముందు భాగం కింద పాత దినపత్రిక పరిచి, పొద్దున చుక్క పడిందేమో చూశాను. రబ్బరు వేడికి సర్దుకున్నాక క్లాంపులు కొంచెం వదులవుతాయి, అందుకని ఆ వారం చివర మళ్లీ షెడ్డుకు వెళ్లి అన్నీ బిగించుకొచ్చాం. ఒక క్లాంపు పావు చుట్టు తిరిగింది. ఇప్పుడు సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా కూలర్ రేకుల్లో ఇరుక్కున్న పురుగులూ దుమ్మూ మెల్లగా నీళ్లతో కడగమని, ఒత్తిడి పంపు దగ్గరగా పెట్టి రేకులు వంచొద్దని చెబుతాను. వేరే ఎవరైనా రేపు ఈ బండి నూనె మారిస్తే లెక్క తప్పకుండా, అదనపు కూలర్ ఉందనీ, అర లీటరు ఎక్కువ పడుతుందనీ, ఏ గ్రేడు నూనె వాడామో, మట్టం ఎన్ని డిగ్రీల దగ్గర చూడాలో ఒక కాగితం మీద రాసి, సర్వీసు పుస్తకం మొదటి పేజీకి అతికించాను.